కాజీపేట నుంచి కాగజ్‌నగర్ దాకా మా బ్యాచ్ కబుర్లు

కాకతీయ యూనివర్సిటీకి 2026 ఆగస్టు 19తో యాభై ఏళ్లు నిండుతాయి. అంతకుముందు అది ఉస్మానియా వాళ్ల పీజీ సెంటర్, 1976లో సొంత యూనివర్సిటీ అయింది. ఈ సందర్భంగా మా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ బ్యాచ్ వాళ్లం ఒక చిన్న పుస్తకం వేసుకుందామనుకున్నాం. తలా ఒక పేజీ, ఇప్పుడు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, పిల్లలేం చదువుతున్నారు, అంతే. గ్రూపులో అడగడమే ఆలస్యం, డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, బెంగళూరు నుంచి ఫొటోలతో సహా వచ్చేశాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల్లో ఉన్నవాళ్లు కొంచెం సతాయించి పంపారు. రానివి ఎవరివా అని చూసుకుంటే దాదాపు అందరూ కాజీపేట నుంచి బల్లార్షా వైపు పోయే రైలు లైను మీద ఉన్నవాళ్లే. ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట: "నాదేముందిరా, రాసేటంత ఏమున్నది."

ఈ మాటే నాకు మింగుడుపడలేదు. జీతం డాలర్లలో ఉంటేనో, చెయ్యి కింద పదిమంది పనిచేస్తుంటేనో తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదని మా వాళ్లే అనుకుంటున్నారంటే మేం ఆ గ్రూపులో ఇన్నేళ్లూ ఎలాంటి కబుర్లు పెట్టుకున్నామో చూసుకోవాల్సిందే. వాళ్లు రాయకపోతే నేనే పోయి అడిగి రాసుకొస్తా అనుకున్నా. నేనుండేది హన్మకొండలోనే, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా, నాలుగు రోజులు సెలవు దొరికింది, బ్యాగులో ఒక నోట్‌బుక్కు వేసుకుని పొద్దున్నే కాజీపేట స్టేషన్‌కి పోయి రైలెక్కా.

అసలు మా క్లాసులో సగంమంది ఈ లైను మీదనుంచే వచ్చేవాళ్లు. పండక్కో పబ్బానికో ఇంటికి పోయి తిరిగొచ్చేటప్పుడు సింగరేణి ప్యాసింజర్‌లో ఒక్కో స్టేషన్‌లో ఒక్కొక్కరు ఎక్కేవాళ్లు, కాజీపేటలో దిగేసరికి పెద్ద గుంపు అయ్యేది, అక్కడినుంచి ఆటోల్లో కిక్కిరిసి కేయూ క్రాస్ దాకా. ఎవరింటి నుంచి ఏం తెచ్చారో ఆ రాత్రి హాస్టల్‌లో పంచుకోవడమే. సర్వపిండి తెచ్చినవాడికి ఎక్కువ గిరాకీ. హైదరాబాద్ నుంచి వచ్చే రైలు కాజీపేటలో రెండు దారులు పడుతుంది, ఒకటి వరంగల్ మీదుగా విజయవాడకు, ఇంకోటి ఉత్తరానికి. ఆ ఉత్తరం దారిలో జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్. ఈ పేర్లు వరుసగా చదివితే నాకు మా అటెండెన్స్ రిజిస్టరే గుర్తొస్తుంది.

మొదట జమ్మికుంటలో దిగా. పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు, సీజన్‌లో రోడ్డంతా పత్తి బండ్లే. మా క్లాసులో అందరికంటే శుభ్రంగా రికార్డు రాసే అమ్మాయి ఇక్కడే ఉంటుంది, ఈ చుట్టుపక్కల ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. పీజీ అయిన కొద్దిరోజులకే కాంట్రాక్టు మీద చేరింది. ఏటా జూన్ వచ్చిందంటే రెన్యువల్ అవుతుందా లేదా అని టెన్షన్, రెండు మూడు నెలలు జీతం రాకున్నా పాఠం ఆగకూడదు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, అన్నీ ఆ కాంట్రాక్టు మీదే. రాష్ట్రంలో కాంట్రాక్టు జూనియర్ లెక్చరర్లను 2023లో రెగ్యులర్ చేశారు కదా, అందులో ఈమె పేరుంది. ఆర్డర్ కాపీ తీసుకున్న రోజు ఏం చేశావని అడిగితే "ఏం చేస్త, తెల్లారి ప్రాక్టికల్స్ ఉన్నయి, పోయి పిల్లలతోని సాల్ట్ అనాలిసిస్ చేపిచ్చిన" అంది. తన దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి ఇంటర్‌దాకా వచ్చినవాళ్లు. పరీక్షనాళికలో బ్రౌన్ రింగ్ కనబడగానే ఆ పిల్లలు అరిచే అరుపు గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయింది. అది రాస్తా అన్నా. వద్దు, రెగ్యులర్ అయిన సంవత్సరం ఒక్కటి రాయి చాలు అంది. రెండూ రాశా.

జమ్మికుంట దాటాక మానేరు వస్తుంది, ఇసుకే ఎక్కువ కనబడింది. పెద్దపల్లిలో ఎక్కువసేపు ఉండలేదు, ఎందుకంటే నేను కలవాల్సిన మనిషికి ఆ రోజు బడి ఉంది, మధ్యాహ్నం లంచ్ బెల్లు కొట్టినంకే దొరికాడు. ఇతను 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. ఆ నోటిఫికేషన్‌లో 11,062 పోస్టులు, జనరల్ వయోపరిమితి 46 ఏళ్లు. మా వయసు వాళ్లు నలభై దాటాక ఉద్యోగంలో చేరడమంటే మాటలా! ఇన్నేళ్లూ పొద్దున ఒక ప్రైవేటు స్కూలు, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి బీఈడీ చదివినప్పటి పాత పుస్తకాలు. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. భార్య ఒకటే అన్నదట: "వయసున్నన్ని రోజులు రాయి, మిగిలింది తర్వాత చూద్దాం." కొత్త ఉద్యోగం కదా, మాట్లాడుతూనే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పిల్లలు వరండాలో ప్లేట్లు కడుక్కుంటుంటే వాళ్లలో ఒకణ్ని పిలిచి "వీడు మ్యాగ్నెట్ల మీద ఒక మోడల్ చేసిండు చూడు" అని నాకు చూపించాడు. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ఉద్యోగం గురించి చెప్పమంటే వాడు చెప్పింది ఆ పిల్లాడి గురించే.

రామగుండంలో దిగి గోదావరిఖని పోయేసరికి పొద్దు గూకుతోంది. ఎన్టీపీసీ పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి, ఆ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. ఇక్కడ ఉన్న నా దోస్తు దగ్గరే ఆ రాత్రి ఉన్నా. మేం ఫైనలియర్‌లో ఉండగా వీడి నాయిన సింగరేణి బొగ్గు గనుల్లో సర్వీసులో ఉండగానే పోయాడు. ఇంటికి పెద్దకొడుకు, చెల్లె పెళ్లి ఉంది, పీహెచ్‌డీకి పోదామనుకున్నవాడు డిపెండెంట్ ఉద్యోగం కింద సింగరేణిలో బదిలీ వర్కర్‌గా, అంటే రానివాళ్ల బదులు పనిచేసే తాత్కాలిక కార్మికుడిగా చేరాడు. ఎమ్మెస్సీలో ఫస్ట్ క్లాసు, చేతిలో తట్ట. బొగ్గు బాయిలోకి దిగిన మొదటి వారం రోజులు అమ్మకు ఏం పని చేస్తున్నాడో చెప్పలేదట. అమ్మకు తెలియదా, ముప్పై ఏళ్లు ఆ మసిబట్టలు ఉతికిన మనిషి! మస్టర్లు (హాజరు రోజులు) నిండి పర్మినెంట్ అయ్యాడు, ఆ తర్వాత ఇంటర్నల్ నోటిఫికేషన్ పడితే రాసి బొగ్గు పరీక్షించే ల్యాబ్‌కి వచ్చాడు. మళ్లీ కెమిస్ట్రీ దగ్గరికే.

ల్యాబ్‌లోకి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి క్వార్టర్ ముందర మంచమేసుకుని కూర్చుని, స్టీల్ గ్లాసు ఒకటి, చిన్న దారపు ముక్క ఒకటి పట్టుకుని మొత్తం చేసి చూపించాడు. వ్యాగన్ల నుంచి తీసిన బొగ్గును పగలగొట్టి కుప్పపోసి నాలుగు భాగాలు చేస్తారు, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి తీసేస్తారు, మళ్లీ నలగ్గొట్టి మళ్లీ అదే పని, అలా తగ్గించుకుంటూ వస్తే చివరికి ఒక చిన్న డబ్బాడు మిగులుతుంది. దాన్ని 212 మైక్రాన్ల జల్లెడలో దిగేంత మెత్తగా పొడి చేస్తారు. అందులో ఒక గ్రాము తూచి బాంబ్ క్యాలరీమీటర్‌లో (కాలితే వచ్చే వేడిని కొలిచే పరికరం) పెట్టి, సన్నని తీగకు కట్టిన నూలుదారం ఆ పొడికి తగిలేలా దించి, మూత బిగించి ఆక్సిజన్ ఎక్కించి నీళ్లలో ముంచి కాలుస్తారు. నీళ్ల వేడి ఎంత పెరిగిందన్నదే లెక్క. మెషీన్ సరిగా చెబుతోందా లేదా అని ముందు బెంజోయిక్ ఆసిడ్ కాల్చి చూసుకోవాలి, గ్రాముకు 6,318 కెలోరీలు రావాలి. "మనకు పీజీ ల్యాబ్‌ల చెప్పిందే కదరా, అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టినం" అన్నాడు.

2012 నుంచి బొగ్గు గ్రేడ్లు ఈ వేడి లెక్క మీదే నడుస్తున్నాయి, జీ1 నుంచి జీ17 దాకా, పైన జీ1 ఒక్కటి వదిలేస్తే కిలోకు 300 కిలో కెలోరీలకు ఒక గ్రేడు. 4,301 నుంచి 4,600 మధ్య ఉంటే జీ10, ఒక్క అంకె తగ్గి 4,300 అయితే జీ11. గ్రేడు మారితే ధర మారుతుంది. ఒక గూడ్సు రైలు బొగ్గు ధర వీడు తూచిన ఆ ఒక్క గ్రాములో ఉంటుంది. అటువైపు కొనేవాళ్లు ఉంటారు, ఇటువైపు అమ్మేవాళ్లు ఉంటారు, మధ్యలో వీడి సంతకం. ఇది "రాసేటంత ఏమున్నది" అనే పనా? వీడి పేజీ కోసం నా నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి, ఏది తీసేయాలో ఇంకా తేలలేదు. పీహెచ్‌డీ గురించి నేను అడగలేదు. వాడే చెప్పాడు, చెల్లె పెళ్లి మంచిగా చేశాను, అమ్మ ఆరోగ్యంగా ఉంది, పెద్దబిడ్డకు కెమిస్ట్రీ అంటే పడదు, మ్యాథ్స్ అంటే ప్రాణం అని. నడిరాత్రి షిఫ్టుకు పోయేవాళ్ల బండ్లు వరుసగా పోతుంటే వాడు ఒక్కొక్కరి పేరు చెబుతూనే ఉన్నాడు, చీకట్లో బండి చప్పుడును బట్టి ఎలా గుర్తుపట్టాడో నాకైతే అంతుబట్టలేదు.

తెల్లారి గోదావరి వంతెన దాటి మంచిర్యాల మీదుగా బెల్లంపల్లి పోయా. ఇక్కడ మా వాడు లేడు. 2021లో కరోనా రెండో విడతలో పోయాడు. చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పేవాడు, బళ్లు మూతపడి ఆ ఏడాది జీతం కూడా లేదు. మా గ్రూపులో ఈ సంగతి తెలిసింది చాలా రోజుల తర్వాత. పుస్తకంలో వాడి పేజీ ఉండాలని బ్యాచ్ మొత్తం అనుకున్నదే, కానీ ఏం రాయాలో ఎవరికీ తెలియదు. వాళ్లావిడ కుట్టుమిషన్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "అన్నా, మా బిడ్డ రాసింది, చూడు" అని ఒక కాగితం ఇచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. తండ్రి ఏ క్లాసులకు ఏం చెప్పేవాడు, ఎవరెవరు ఇప్పటికీ దారిలో ఆపి ఆయన గురించి అడుగుతారు, ఇవే రాసింది. ఆ కాగితంలో నేను ఒక్క అక్షరం ముట్టుకోను. అలాగే అచ్చవుతుంది. బ్యాచ్ తరఫున ఆ అమ్మాయి ఫీజు విషయం మాట్లాడబోతే వాళ్లావిడ ఆపింది, "అవసరమైతే నేనే అడుగుత అన్నా, నంబరియ్యి" అంది. నంబరిచ్చి వచ్చా. డల్లాస్ వాళ్లకూ ఈ మాట ఇలాగే చెప్పా, తొందరపడి ఎవరూ డబ్బులు పంపొద్దని.

చివరిది కాగజ్‌నగర్. 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది, 2018లో కొత్త యాజమాన్యం చేతికి వచ్చి మళ్లీ నడుస్తోంది. మా క్లాసులో టైట్రేషన్ అంటే ముందుండేవాడు ఈ మిల్లు ల్యాబ్‌లోనే చేరాడు. మిల్లు ఆగాక హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో చేరి ఒక్కడే గదిలో ఉన్నాడు, ఇల్లు కాగజ్‌నగర్‌లోనే ఉంచాడు, నెలకోసారి రావడం పోవడం. తిరిగి తీసుకుంటున్నారని తెలిసిన రోజే హైదరాబాద్ ఉద్యోగానికి రాజీనామా రాశాడట. జీతం తేడా ఉంది, తెలిసే రాశాడు. ఎందుకని అడిగితే పిల్లలు, అమ్మానాన్న అని అందరూ చెప్పేవే చెప్పి, కాసేపాగి "ఆ పని నాకు వచ్చురా" అన్నాడు.

ఆ పనేంటంటే కాప్పా నంబర్. సుబాబుల్, నీలగిరి కట్టెను ఉడికించిన గుజ్జులో లిగ్నిన్, అంటే కట్టెలో పోగులను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం, ఇంకా ఎంత మిగిలిందో తేల్చాలి, ఎక్కువుంటే బ్లీచింగ్‌కు మందు ఎక్కువ పడుతుంది, మరీ తగ్గేదాకా ఉడికిస్తే పోగు బలం పోతుంది. గుజ్జులో లెక్క ప్రకారం పర్మాంగనేట్ పోసి పది నిమిషాలకు పొటాషియం అయొడైడ్ వేసి ఆపి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్. స్టార్చ్ చుక్కలు వేయగానే ముదురు నీలం, ఆ నీలం పోయే చివరి చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. మేం ఫస్టియర్‌లో చేసిన అయొడోమెట్రీనే. వాడు చెబుతూ చెబుతూ కుడిచేతి రెండు వేళ్లతో గాలిలోనే బ్యూరెట్ తిప్పుతున్నాడు, నా చెయ్యి కూడా కదిలింది. పుస్తకానికి కాగితం ఏది వాడుతున్నారు అని అడిగాడు. ఇంకా అనుకోలేదన్నా. జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది) ఎంతుండాలో, రెండువైపులా అచ్చేస్తే అవతలివైపు కనబడకుండా ఏం చూసుకోవాలో వాడే రాసిచ్చాడు, ఆ చీటీ నేరుగా ప్రెస్సుకే పోతుంది.

తిరుగు రైల్లో కూర్చుని నోట్‌బుక్ తిరగేస్తే ఇంకా ఆదిలాబాద్, నిర్మల్, బాసర వైపు ఉన్నవాళ్లు మిగిలిపోయారు. ఈ రైలు లైను అటు పోదు. బాసర ట్రిపుల్ ఐటీలో పనిచేసే దోస్తు తన పేజీ ఫోన్‌లోనే చెప్తా అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు, దసరా సెలవుల్లో వస్తున్నానని చెప్పా. మా బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, భూపాలపల్లిలో ఉన్నాడనుకుంటున్న మన సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) కొత్త నంబర్ తెలిస్తే నాకు పంపండి, పాతది కలవడం లేదు.