ఏడేళ్ల నిరీక్షణ, ఒక తప్పుల పుస్తకం

ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగాల నియామక పరీక్ష అయిన డీఎస్సీకి సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా పుస్తకం తెరవగానే ‘ఇది నావల్ల అయ్యే పనేనా’ అనే ప్రశ్న ఎదురై, ఆ ప్రశ్నతోనే పూటంతా గడిచిపోతున్న వారికి ఈ అనుభవం రాస్తున్నాను. ఏ పుస్తకం చదవాలో, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. నన్ను ఏళ్ల తరబడి వెనక్కి లాగిన సందేహం గురించి, అందులో నుంచి నా విశ్వాసం నన్ను ఎలా నడిపించిందన్న దాని గురించి మాత్రమే నేను చెబుతాను.

మైనంపాడులోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో డీఎడ్ డిప్లొమా పూర్తిచేసి 2018 డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పరీక్ష రాశాను. పోస్టు రాలేదు. త్వరలోనే మరో ప్రకటన వస్తుందనుకుని ఒంగోలులో ఒక ప్రైవేటు పాఠశాలలో చేరాను. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి, తరువాత రద్దయింది. చివరకు 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్ 20న గాని వెలువడలేదు. ఈలోగా నాతో చదివినవారిలో కొందరు అవనిగడ్డ కోచింగ్‌కు రెండేసి సార్లు వెళ్లివచ్చారు, కొందరు వేరే ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. ఆదివారం ఆరాధన ముగిశాక ‘ఇంకా చదువుతూనే ఉన్నావా అమ్మా’ అని సంఘంలోని పెద్దలు ఆప్యాయంగా అడిగిన మాట కూడా నాకు ముల్లులా గుచ్చుకునేది.

సందేహం నన్ను చదవనివ్వలేదని చెప్పలేను, చదువుతూనే ఉన్నాను. అది చేసిన అసలు నష్టం వేరు. మాక్ టెస్టు రాసి మార్కులు చూసుకునేదాన్ని గాని, జవాబుల కీ తెరిచి ఏ బిట్టు ఎందుకు తప్పయిందో చూసుకునే ధైర్యం ఉండేది కాదు. 160 బిట్లు, బిట్టుకు అర మార్కు, మొత్తం 80 మార్కులు. వాటిలో పోయిన ప్రతి అర మార్కూ నేను పనికిరానిదాన్నని చెప్పే సాక్షిలా కనిపించేది. అందువల్ల భిన్నాల్లోనూ ఛందస్సులోనూ అవే తప్పులు నెలల తరబడి చేశాను. సైకాలజీలో ఆల్బర్ట్ బండూరా చెప్పిన స్వీయ సామర్థ్య భావనకు, అంటే ‘నేను చేయగలను’ అనే నమ్మకానికి, నాలుగు మూలాలు, అంటే సొంతంగా సాధించిన అనుభవం, తనవంటివారు సాధించడం చూడడం, ఇతరుల ప్రోత్సాహం, శరీర మానసిక స్థితి, నాకు కంఠస్థమే. ఆ బిట్టు ఎన్నడూ తప్పలేదు గాని, నా జీవితంలో ఆ నాలుగు ఊటలూ ఎండిపోతున్నాయని గ్రహించలేకపోయాను.

బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగినా, ఆ రోజుల్లో నా ప్రార్థన బేరంగా మారిపోయింది. బైబిలులో గిద్యోను గొర్రెబొచ్చు పరచి దేవుణ్ణి గురుతు అడిగినట్టు, ‘ఈ వారం టెస్టులో 60 దాటితే ఇది నీ చిత్తమని నమ్ముతాను ప్రభువా’ అని అడిగాను. 57 వచ్చాయి. రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

ఆ మూడవ రాత్రి బైబిలులో రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదివాను. ఇక చాలునని, ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగి ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుంటే, దేవదూత వచ్చి మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ చూపించి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే, మళ్లీ తట్టి లేపి, ప్రయాణం దూరమున్నది గనుక తినమన్నాడు. సండే స్కూలు నాటి నుంచి తెలిసిన కథే అయినా, పూట భోజనం మానేసి నాలుగు గంటలే నిద్రపోతున్న నాకు అది ఆ రాత్రి నన్ను ఉద్దేశించి చెప్పినట్టే వినిపించింది. మరునాటి నుంచి పదింటికి పడుకోవడం నియమం చేసుకున్నాను. అలాగే మార్కు సువార్త 9వ అధ్యాయంలో, నమ్ముచున్నాను గాని నా అపనమ్మకానికి సహాయం చేయమని తన బిడ్డ కోసం యేసును వేడుకున్న తండ్రి నాకు తోడయ్యాడు. ఆయన సందేహం తీరేదాకా ఆగకుండా సందేహంతోనే యేసు దగ్గరకు వచ్చాడు, అయినా బిడ్డ బాగుపడ్డాడు. అలాంటప్పుడు నేను కూడా సందేహంతోనే పుస్తకం తెరవవచ్చునని అర్థమయింది.

నన్ను ప్రేమించిన ప్రభువు నా మార్కులు చూసి ప్రేమించలేదని నిజంగా నమ్మిన రోజున 57 అనే అంకె చిన్నదైపోయింది, కీ తెరవగలిగాను. ఒక పొడవాటి నోటు పుస్తకంలో తప్పయిన ప్రతి బిట్టునూ, తప్పు జరిగిన కారణాన్నీ, పాఠ్యపుస్తకంలోని పేజీ సంఖ్యనూ రాయసాగాను. నెల తిరిగేసరికి, నా తప్పుల్లో చాలావరకు తెలియక చేసినవి కావనీ, ‘సరికానిది ఏది’ అన్న మాటను తొందరలో దాటేయడం వల్ల జరిగినవనీ బయటపడింది. చదివిన తొలి గంటల్లోనే మరుపు ఎక్కువగా ఉంటుందని మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ చూపించిన దాన్ని అనుసరించి, ఆ పేజీలను మరుసటి రోజు, వారానికి, నెలకు తిరగేసేదాన్ని. డీఎస్సీ ఎంపికలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉన్నందున 2024 అక్టోబరులో టెట్ మళ్లీ రాసి ఆ మార్కులు కూడా పెంచుకున్నాను.

ఒంగోలులో ఉండి చదువుకునేవారు ఒక్కసారి ప్రార్థన కొండ ఎక్కిరండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జువెట్ దంపతులు కొద్దిమంది విశ్వాసులతో అక్కడ మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ గారు ఒంగోలు వచ్చింది 1866లో. ఫలితం కనిపించడం లేదని, జువెట్ దంపతులు పనిచేసిన నెల్లూరు మిషన్‌ను మూసివేయాలనే ఆలోచన కూడా అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మా నాయనమ్మ తరచు చెప్పేది. నన్ను నిలబెట్టింది మాత్రం ఆ సంఖ్య కంటే, కొండ మీది ప్రార్థనకూ క్లౌ గారి రాకకూ మధ్యలోని ఆ పన్నెండేళ్లే. జవాబు కనబడని కాలంలో కూడా పని సాగింది.

2025 జూన్‌లో పరీక్ష రాశాను, పోస్టు వచ్చింది. అయితే నాతోపాటు ప్రతి ఉదయం ప్రార్థించి, నాకంటే శ్రద్ధగా చదివిన నా స్నేహితురాలికి మార్కు లోపు తేడాతో పోయింది. అందుచేత ప్రార్థన మార్కులు తెచ్చిపెడుతుందని నేను ఎవరికీ చెప్పను, చెబితే ఆమె విశ్వాసాన్ని తక్కువచేసినట్టవుతుంది. ఫలితాలు వచ్చిన వారానికి ఆమె మా ఇంటికి వచ్చి నా తప్పుల పుస్తకం అడిగి తీసుకుంది. ఇప్పుడు శనివారం సాయంత్రాల్లో ఇద్దరం కలిసి కూర్చుని బిట్లు చేస్తున్నాం. అందులో మిగిలిన ఖాళీ పేజీలు ఆమె చేతిరాతతో నిండుతున్నాయి.