పెట్టుబడి వస్తే చాలు

మా నాన్న పొగాకు రైతు. కొండపి వేలం కేంద్రంలో బేళ్లు అమ్మి తిరిగి వస్తుంటే దారిలో ఎవరు పలకరించినా ఆయన చెప్పేది ఒకటే మాట: "ఏముందిలే, పెట్టుబడి వస్తే చాలు." ఆ ఏడు ఆకు ఎంత బాగా పండినా అదే జవాబు. దిగుబడి ఎంతని అడిగితే రెండు క్వింటాళ్లు తగ్గించి చెబుతాడు. దాన్ని ఊళ్లో ఎవరూ అబద్ధంగా లెక్కపెట్టరు. విన్నవాడు ఆ రెండు క్వింటాళ్లూ తనే కలుపుకుంటాడు. తగ్గించి చెప్పడానికి దిష్టి ఒక కారణం, చేబదులు అడిగేవాళ్లు ఇంకో కారణం. ఆ ఇంట్లో పెరిగిన నేను ఈ అలవాటును జర్మనీ దాకా మోసుకుపోయానని 2024 అక్టోబరులో గానీ నాకు తెలియలేదు.

స్టుట్‌గార్ట్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. బ్లూ కార్డు అంటే చదువుకున్న విదేశీయులకు ఉద్యోగం కోసం ఇచ్చే నివాస అనుమతి. దాని మీద ఉండి సొంత పని పెట్టుకోవాలంటే విడిగా అనుమతి తెచ్చుకోవాలి. జర్మన్ భాషలో బీ1 అనే మధ్య స్థాయి పరీక్ష పాసైన బ్లూ కార్డువాళ్లు 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది చేతికొచ్చాక, 2023 ఏప్రిల్ నుంచి ఫ్రీలాన్సర్‌నయ్యాను. ఇంట్లో మాత్రం చాలా రోజులు చెప్పలేదు. చెబితే అమ్మకు అర్థమయ్యేది ఒక్కటే, కొడుకు ఉద్యోగం పోయిందని.

అక్కడ సొంత పని చేసుకునేవాళ్లను ప్రభుత్వం రెండు గాటలకు కడుతుంది. వ్యాపారం చేసేవాళ్లు ఒక గాట. వాళ్లు ఊరి వ్యాపార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి, ఏడాది లాభం 24,500 యూరోలు దాటితే వ్యాపార పన్నూ కట్టాలి. వైద్యులు, లాయర్లు, ఇంజనీర్లు, అనువాదకులు, పాత్రికేయుల వంటి వృత్తులవాళ్లు రెండో గాట. వాళ్లను 'ఫ్రైబెరూఫ్లర్' అంటారు. వాళ్లకు ఆ నమోదూ లేదు, ఆ పన్నూ లేదు. పని మొదలుపెట్టిన నెలలోగా పన్నుల కార్యాలయానికి, అంటే 'ఫినాన్స్‌ఆమ్ట్'కు, ఒక ప్రశ్నావళి నింపి పంపితే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ పనివాడు ఇంజనీరా, వ్యాపారా అన్నది మాత్రం తెగని తగాదా. నన్ను పట్టా చూపించమన్నారు. ఒంగోలులో చదివిన బీటెక్ పట్టాను అనువాదం చేయించి పంపితే ఇంజనీరుగా ఒప్పుకున్నారు. ఆ పట్టాకు అంత మర్యాద అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

ఆ ప్రశ్నావళిని 'ఎల్‌స్టర్' అనే ప్రభుత్వ పోర్టల్‌లో నింపాలి. ఎలక్ట్రానిక్ పన్ను రిటర్ను అనే జర్మన్ మాటకు అది పొట్టి పేరు. కానీ జర్మన్‌లో ఎల్‌స్టర్ అంటే ఒక పక్షి కూడా. కాకి జాతిది. మెరిసే వస్తువు కనబడితే ముక్కున కరుచుకుపోతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పన్నుల శాఖ పోర్టల్‌కు ఈ పేరు పెట్టినవాడు అమాయకుడో, గడుసువాడో చెప్పలేను. అంతా ఆన్‌లైనే అంటారు గానీ, ఖాతా తెరవడానికి కావలసిన కోడ్ మాత్రం నాకు పోస్టులో కాగితం మీదే వచ్చింది.

ఆ ఫారంలో మతం ఏమిటన్న గడి కూడా ఉంటుంది. చర్చి సభ్యుడైతే ఆదాయపు పన్ను మీద రాష్ట్రాన్ని బట్టి ఎనిమిదో తొమ్మిదో శాతం చర్చి పన్ను అదనం. నాకు ఆ బాధ లేదు. నన్ను ముంచిన గడి ఇంకాస్త కింద ఉంది: ఈ ఏడాది మీకు ఎంత లాభం వస్తుందని అంచనా?

నేను 8 వేల యూరోలని రాశాను.

చేతిలో అప్పటికే తొమ్మిది నెలల కాంట్రాక్టు ఒకటి ఉంది. 40 వేలకు తగ్గదని తెలుసు. ఎగ్గొడదామన్న ఆలోచన లేదు, రిటర్నులో ఎలాగూ నిజం రాస్తాం కదా. కానీ ఇంకా చేతికి రాని డబ్బును కాగితం మీద పెట్టడానికి వేళ్లు ఒప్పుకోలేదు. పొలంలో ఉన్న ఆకును లెక్కపెట్టకూడదంటాడు నాన్న. ఆరోగ్య బీమా వాళ్లు అదే ప్రశ్న అడిగితే వాళ్లకూ 8 వేలే చెప్పాను. కనీస ప్రీమియం వేశారు. జీతం ఉన్న రోజుల్లో అందులో సగం కంపెనీ కట్టేది, ఇప్పుడు మొత్తం నాదే కాబట్టి తగ్గినందుకు సంతోషించాను.

మా ఊరివాడైతే నా 8 వేలకు తన వంతు కలుపుకునేవాడు. ఫినాన్స్‌ఆమ్ట్ ఏమీ కలుపుకోలేదు. రాసింది రాసినట్టు నమ్మింది. అసలైన అంచనా రాసి ఉంటే, ఏడాదికి నాలుగుసార్లు, మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల పదో తేదీల్లో ముందస్తు వాయిదాలు వేసి ఉండేది. ఇంత చిన్న లాభానికి వాయిదాలెందుకని వదిలేసింది.

విలువ ఆధారిత పన్ను దగ్గర మాత్రం తప్పు చేయలేదు. ప్రతి బిల్లు మీదా 19 శాతం వేసి వసూలు చేయడం, మూడు నెలలకోసారి లెక్క చూపి కట్టేయడం. ఆ డబ్బు నాది కాదని బిల్లులోనే వేరే వరుసలో కనబడుతుంది. ఆదాయపు పన్నుకు అలాంటి వరుస ఉండదు. క్లయింటు పంపిన సొమ్ము ఖాతాలో నిండుగా కనిపించేది. దానితో నాన్నకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద ఉన్న అప్పు తీర్చాను. ఇంటి మీద గది వేయించాను. ఫ్రీలాన్సర్‌నని అప్పుడు ఇంట్లో ధైర్యంగా చెప్పాను కూడా.

2024 ఆగస్టులో రిటర్ను వేశాను, అక్టోబరులో ఉత్తరం వచ్చింది. 2023కు కట్టవలసిన పన్ను 11,400 యూరోలు, నెల రోజుల్లో. 2024కు కూడా అంతే వస్తుందని లెక్కగట్టి మరో 11,400, డిసెంబరు 10న. 2025 నుంచి మూడు నెలలకోసారి 2,850. పన్ను నిర్ణయం కాగితం చూశాకే బీమా వాళ్లూ అసలు లెక్క తేలుస్తారు. వాళ్ల ఉత్తరం వారం తర్వాత వచ్చింది, 6 వేల పైచిలుకుకు. అంతా కలిపితే మన డబ్బులో పాతిక లక్షలు దాటింది. ఆ రాత్రి నేను ఆఖరికి జీతం తీసుకున్న నెల చీటీ వెతికి చూసుకున్నాను. పన్నూ బీమా అన్నీ పోను చేతికొచ్చిన అంకె, ఎంత ముద్దుగా ఉందో.

గడువు దాటితే నెలకు ఒక శాతం జరిమానా పడుతుంది. దాచుకున్నదంతా ఊడ్చి 2024 వాయిదా, బీమా బాకీ కట్టాను. 2023 బాకీకి గడువు ఇవ్వమని ఉత్తరం రాస్తే, ఆరు నెలల్లో విడతలుగా కట్టుకోమన్నారు. నెలకు అర శాతం వడ్డీ.

ఈ లెక్కంతా నాన్నకు విడమరిచి చెప్పింది 2025 మార్చిలో, ఊరికి వచ్చినప్పుడు. అరుగు మీద కూర్చుని, మార్చి 10 వాయిదా 2,850 ఫోనులోనే కట్టి, ఏమిటది అని ఆయన అడిగితే మొదలుపెట్టాను. ఆయన జన్మలో ఆదాయపు పన్ను రిటర్ను వేసినవాడు కాదు. మన దేశంలో వ్యవసాయ ఆదాయానికి ఆ పన్ను లేదు, ఆకు బ్యారన్‌లో క్యూరింగ్ చేసి అమ్మినా అది వ్యవసాయ ఆదాయమే. మొత్తం విని, పాతిక లక్షల దగ్గర కూడా కదలని మనిషి, వడ్డీ దగ్గర కదిలాడు.

"నూటికి అర్ధ రూపాయా? పైన ఎవరైనా హామీ ఉన్నారా?"

"లేరు. ఉత్తరం రాశాను, ఇచ్చారు."

"రెండు రూపాయలకు తక్కువ మన ఊళ్లో ఎవడిస్తాడురా!" కాసేపాగి, తప్పు ఎక్కడుందో ఆయనే పట్టుకున్నాడు. "మాకు ఆకు డబ్బులు బ్యాంకులో పడగానే, వాళ్ల అప్పు వాళ్లు పట్టుకుని మిగిలింది ఇస్తారు. నీకు మొత్తం చేతికే ఇచ్చేస్తున్నారన్నమాట. అది ప్రమాదం."

ఇప్పుడు వేరే ఖాతా తెరిచానని, క్లయింటు డబ్బు పడిన రోజే అందులో సగం దానికి మళ్లిస్తున్నానని చెప్పాను. ఒకే క్లయింటును పట్టుకుని వేలాడితే పేరుకే సొంత పని, నిజానికి ముసుగేసుకున్న ఉద్యోగివంటారని, అందుకే ముగ్గురిని చూసుకున్నాననీ చెప్పాను. అక్కడ కట్టి మళ్లీ ఇక్కడా కట్టాలా అని అడిగాడు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడే ఉండిపోతే ఆ ప్రశ్న వస్తుందని, రెండు దేశాల మధ్య ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందం ఉందని చెబితే తలూపాడు.

"మరి ఈ ఏటి అంచనా ఎంత రాశావు?"

"వచ్చేదంతా."

"అంతా?"

"అంతా, నాన్నా."

ఆయన ముఖం చిన్నబోయింది. ఇంతలో ఎదురింటి పెదనాన్న అరుగెక్కి కూర్చున్నాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏమయ్యా, కంపెనీ మానేసి సొంతంగా చేస్తున్నావట, బాగా మిగులుతోందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "ఏముందిలే అన్నా, పెట్టుబడి వస్తే చాలు."