కోర్టులో కంటే భోజనాల దగ్గరే భయం: కరోనా ఏడాది కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌తో నా అనుభవం

కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ టీమ్‌కి బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి. 2019లో ఎమ్మెస్‌కి అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక చిన్న యూనివర్సిటీకి వచ్చాక, ఆ ఇష్టంతోనే అక్కడి మెన్స్ టీమ్‌లో స్టూడెంట్ మేనేజర్‌గా చేరాను. ప్రాక్టీసులో బంతులు అందించడం, నీళ్ల సీసాలు నింపడం, జెర్సీలు ఉతికించడం, వీడియో తీయడం, ప్రయాణాల్లో సామాను చూసుకోవడం మా పని. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఈ పనులే 2020-21 సీజన్‌లో టీమ్ ఆరోగ్యాన్ని కాపాడాయని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇది రాస్తున్నాను.

2020 మార్చి 12న, అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ కరోనా వల్ల రద్దయింది. ఆ తర్వాత నెలల తరబడి జిమ్‌కి తాళం. కొత్త సీజన్ నవంబర్ 10న మొదలవ్వాల్సింది, దాన్ని 25కి జరిపారు. మ్యాచ్‌లు గరిష్ఠంగా 31 ఉండేవి, 27కి తగ్గించారు. టోర్నమెంట్‌కి అర్హత రావాలంటే కనీసం 13 ఆడాలన్నారు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు అసలు సీజనే వద్దనుకున్నాయి. మేం ఆడతామని మా యూనివర్సిటీ ప్రకటించిన రోజు ఇంటికి ఫోన్ చేస్తే, "ఇలాంటప్పుడు ఆటలేంట్రా, చదువుకోడానికి వెళ్లావా, జబ్బు తెచ్చుకోడానికి వెళ్లావా?" అంది అమ్మ. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు.

కోర్టులో ఆటగాళ్లకి దగ్గరగా మెలిగే వాళ్లందరినీ ఒక గుంపుగా లెక్కేశారు: ఆటగాళ్లు, కోచ్‌లు, ఆటగాళ్ల ఆరోగ్యం చూసుకునే ట్రైనర్, మేనేజర్లం. మాకు వారానికి మూడు టెస్టులు, అవీ రోజు విడిచి రోజు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే జిమ్ వరండాలో దూరం దూరంగా నిలబడి, ఎవరి ముక్కులో వాళ్లే స్వాబ్ తిప్పుకుని, గొట్టంలో వేసి మూత బిగించి ఇవ్వాలి. బార్‌కోడ్ స్టిక్కర్ సరిగ్గా అంటించారా లేదా అని ట్రైనర్ ఒక్కో గొట్టాన్నీ వెలుగులోకి పెట్టి చూసేది. ఫలితం వచ్చేదాకా అందరికీ టెన్షనే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే క్యాంపస్‌లో మామూలు విద్యార్థికి ఒక్క టెస్ట్ దొరకడమే కష్టంగా ఉన్న రోజులవి. మా లైను పక్కనుంచి నా క్లాస్‌మేట్లు నడిచి వెళ్తుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. అది న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇన్ని టెస్టులు చేసినా నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిన వారానికే ఒక పాజిటివ్ వచ్చింది. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్యశాఖ నుంచి ఫోన్. అప్పటి నిబంధన ప్రకారం 24 గంటల్లో మొత్తం కలిపి 15 నిమిషాలు, ఆరడుగుల లోపు ఉన్నవాళ్లంతా 'క్లోజ్ కాంటాక్ట్'. ఎవరెవరు అలా ఉన్నారని అడిగితే చెప్పడానికి మా దగ్గర ఆధారమేమీ లేదు. టీమ్ మొత్తాన్నీ 14 రోజులు క్వారంటైన్‌లో పెట్టారు. మ్యాచ్‌లు పోయాయి. బాగా ఆడుతున్న టీమ్ ఒక్కసారిగా గదుల్లో బందీ అయిపోయింది.

ఆ క్వారంటైన్‌లో ఉండగానే మా ట్రైనర్ వీడియో కాల్‌లో నాతో అంది: "టెస్ట్ మనకి నిన్నటి సంగతే చెబుతుంది. ఇవాళ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో నువ్వు రాసి పెట్టు."

అలా మొదలైంది మా సీటింగ్ చార్ట్. మొదట్లో కాగితం మీద, తర్వాత ఎక్సెల్‌లో. బస్సులో ఏ సీటులో ఎవరు, బెంచ్ మీద ఎవరి కుర్చీ ఎక్కడ, లాకర్ రూమ్‌లోకి ఏ బ్యాచ్ ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి బయటికొచ్చింది, ప్రాక్టీసులో ఎవరు ఎవరిని ఎంతసేపు దగ్గరుండి అడ్డుకున్నారు, అన్నీ అందులోకి ఎక్కేవి. నీళ్ల సీసాల మీద పేర్లు రాసి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకుండా చూసేవాళ్లం. డ్రిల్ మారినప్పుడల్లా బంతులు తుడిచేవాళ్లం.

వారం తిరిగేసరికి చార్ట్‌లో ఒక విషయం స్పష్టంగా కనబడింది. కోర్టులో ఒకడి మీద ఒకడు పడి ఆడుతున్నట్టే ఉంటుంది గానీ, ఏ ఇద్దరూ అంటిపెట్టుకుని ఉండేది చాలా తక్కువసేపు. అసలు నిమిషాలన్నీ భోజనాల దగ్గరే. మాస్క్ తీసి, ఎదురెదురుగా కూర్చుని, నవ్వుకుంటూ అరగంట. ఆ తర్వాత ఫ్లాట్‌లో రూమ్మేట్‌తో వీడియో గేమ్.

దాంతో కోచ్ టీమ్ భోజనాలు ఆపేశాడు. పార్సిల్ డబ్బాలు తెచ్చి ఒక్కో గది ముందు పెట్టేవాళ్లం. బయటి ఊళ్లలో మనిషికో గది. మా కాన్ఫరెన్స్ (మేం ఆడే కాలేజీల గుంపు) కూడా ప్రయాణాలు తగ్గించడానికి ఒకే ఊళ్లో వరసగా రెండు రోజులు రెండు మ్యాచ్‌లు పెట్టింది. ఇవన్నీ చెప్పినంత తేలిక కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు మ్యాచ్ గెలిచి వచ్చి, ఒంటరిగా హోటల్ గదిలో చల్లారిన పాస్తా తిన్నారు. జీతం లేదు, ప్రకటనల్లాంటి వాటికి తమ పేరు వాడి డబ్బు సంపాదించుకునే హక్కు కూడా అప్పటికి రాలేదు, అది 2021 జులైలో వచ్చింది. వాళ్లు చూపించిన ఓర్పుకి తగిన గుర్తింపు రాలేదనే నా బాధ.

జనవరిలో ఒక మ్యాచ్ రోజు పొద్దున, మా సీనియర్ ఆటగాడు ఒకడు గది తలుపు తీయకుండానే ట్రైనర్‌కి ఫోన్ చేశాడు. "గొంతు కొంచెం గరగరగా ఉంది. నిన్నటి టెస్ట్ నెగెటివే. అయినా చెబుతున్నా." అతనికి అది ఎంతో ముఖ్యమైన మ్యాచ్. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కోచ్ ఒక్క మాట కూడా విసుక్కోలేదు. "నువ్వు చెప్పావు కాబట్టే మిగతావాళ్లు ఆడతారు" అన్నాడు. అతన్ని విడిగా కారులో వెనక్కి పంపారు. మర్నాడు పాజిటివ్ వచ్చింది. ఈసారి కౌంటీ వాళ్లు అడగ్గానే చార్ట్ పంపాం. క్వారంటైన్‌కి వెళ్లింది అతని రూమ్మేట్ ఒక్కడే. ఇంకెవరికీ అంటుకోలేదు.

తగ్గాక అతను వెంటనే ఆడతానన్నాడు. కుదరదన్నారు. ముందు ఈసీజీ, గుండె దెబ్బతిందేమో తెలిపే ట్రోపోనిన్ రక్త పరీక్ష, గుండె స్కానింగ్ (ఎకో). అన్నీ చూసి కార్డియాలజిస్ట్ సరేనన్నాకే కొద్దికొద్దిగా పరుగు మొదలుపెట్టించారు. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వస్తుందేమోనన్న భయం అప్పుడు అందరికీ ఉండేది. అంతకుముందు డిసెంబర్ 12న ఫ్లోరిడా యూనివర్సిటీ ఆటగాడు కియాంటే జాన్సన్ మ్యాచ్ మధ్యలో కోర్టులోనే కుప్పకూలిపోయాడు. అందుకు కరోనాయే కారణమని తేలలేదు, తర్వాత అతను కోలుకుని మళ్లీ ఆడాడు కూడా. కానీ ఆ వీడియో చూసిన మా కుర్రాళ్లెవరూ ఆ తర్వాత ఎకో ఎందుకని అడగలేదు.

మార్చిలో మా కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లోనే ఓడిపోయాం. మొత్తం 68 టీమ్‌ల జాతీయ టోర్నమెంట్‌ని ఆ ఏడాది ఒక్క ఇండియానా రాష్ట్రంలోనే నడిపారు. టీమ్‌కో హోటల్ అంతస్తు, రోజూ టెస్టులు. అంత చేసినా వీసీయూ (వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ) టీమ్‌లో పాజిటివ్‌లు వచ్చి, ఒరెగాన్‌తో మొదటి మ్యాచ్ ఆడకుండానే ఇంటిదారి పట్టింది. ఆ వార్త విన్నప్పుడు మా ఓటమి కంటే ఎక్కువ బాధేసింది. ఫైనల్లో బేలర్ 86-70తో గొంజాగాని ఓడించింది. ఆ రెండు టీమ్‌లూ డిసెంబర్ 5నే తలపడాల్సింది, గొంజాగాలో పాజిటివ్‌లు రావడంతో అప్పుడు ఆగిపోయింది.

ఆ సీజన్‌ని, ఆటగాళ్లు కాలేజీకి ఆడగలిగే ఏళ్ల లెక్కలోంచి ఎన్‌సీఏఏ తీసేసింది కాబట్టి సీనియర్లకి ఇంకో ఏడాది దొరికింది. మా టీమ్‌లో ఒకడు ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. గొంతు గరగర అని ఫోన్ చేసినవాడు ఉండిపోయి, కెప్టెన్ అయ్యాడు.