పొణికి చెక్కతో ఎగిరిన మన విమానం

మన బడిలో చదివినవాళ్లకి తెల్ల పొణికి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొండపల్లి అడవిలో పెరిగే ఆ చెట్టు కలపతోనే ఏనుగు అంబారీలూ, దశావతారాలూ, తాడిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మలూ తయారవుతాయి. మా తరగతిలో చాలామంది బొమ్మలు చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. సంక్రాంతి బొమ్మల కొలువుల సీజను వస్తే బడి అయ్యాక వాళ్లు ఆటలకి దొరికేవాళ్లు కాదు, ఇంటికెళ్లి రంగులు వేయాలి. అదే పొణికితో నిజంగా ఎగిరే విమానం చేయొచ్చని 1984-85లో మా తొమ్మిదో తరగతి చూసింది. చూపించింది మన సైన్సు సారు. ఆయన గురించి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో చాలామంది రాస్తారని తెలుసు. నేను ఆ విమానం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే సారు ఎలాంటి మాస్టారో అందులోనే ఉంది.

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లొచ్చాడు. ఆయన చదువుకున్నది హైదరాబాదులోనే, నిజాం కాలేజీలో అని పేపర్లో చదివి మాకు ఒకటే సంబరం. జూన్‌లో బడి తెరవగానే రాకెట్టు చేద్దామని సారు వెంట పడ్డాం. ఆయన నవ్వలేదు, వద్దనలేదు. "రాకెట్టు తర్వాత సంగతి. ముందు గాలి మీద నిలబడటం నేర్చుకోండి. ఒక విమానం చేద్దాం. చూడ్డానికి విమానంలా ఉండక్కర్లేదు, ఎగరాలి" అన్నారు. ఆ చివరి మాట ఏడాది పొడుగునా మా వెంట ఉంది.

మొదట సారు కావాలనే మా చేత పాత పెట్టె చెక్కతో ఒకటి చేయించారు. చాలా అందంగా వచ్చింది. కిటికీలు గీశాం, రెక్కల మీద మువ్వన్నెల గుర్తు వేశాం. గ్రౌండులో విసిరితే ముక్కు కిందికి పెట్టి సూటిగా నేలకి దిగింది. సారు దాన్ని తీసుకెళ్లి ల్యాబులో తూచమన్నారు. దాదాపు పావు కిలో తూగింది. అప్పుడు బోర్డు మీద లెక్క వేశారు: రెక్క మారకుండా బరువు నాలుగింతలు అయితే, దాన్ని గాలి మోయాలంటే వేగం రెండింతలు కావాలి. మన చేతికి అంత వేగంతో విసిరే బలం లేదు, విమానాన్ని నడిపే మెలిపెట్టిన రబ్బరుకి అంత వేగంతో లాగే బలం లేదు. కాబట్టి బరువు తగ్గాలి. "ఎంతకి తగ్గాలి సార్?" అంటే, "అరవై గ్రాములు. రబ్బరుతో కలిపి" అన్నారు. రెక్క పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి 60 సెంటీమీటర్లు, వెడల్పు 10. అంత రెక్క ఉన్న విమానం మొత్తం అరవై గ్రాములంటే మాకు నమ్మకం కుదరలేదు.

నమ్మకం కుదిర్చింది బొమ్మలు చేసే ఒక తాత. మా క్లాసు అబ్బాయికి సొంత తాతే గానీ మేమంతా తాతా అనే పిలిచేవాళ్లం. సారు ఆయన ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని విషయం చెప్పారు. తాత లోపలికి వెళ్లి ఒక పొణికి దిమ్మ తెచ్చి సారు చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇంతకంటే తేలికది ఈ అడవిలో లేదు. అయితే పచ్చిది పనికిరాదు, చెమ్మంతా పోవాలి" అన్నారు. బొమ్మల పనిలో అసలు మొదటి మెట్టు అదే. కలపని సన్న సెగ మీద నెమ్మదిగా కాచి తడి లాగేస్తారు. చెమ్మ ఉన్న కలప తర్వాత ఎండి పగులుతుంది, రంగు నిలవదు. మాకు ఇంకో కారణం కూడా తోడైంది: చెమ్మ అంటే బరువు. తాత ఒక చెక్కని మా కోసం మామూలు కంటే ఎక్కువ సేపు కాచారు. కాచక ముందు, కాచిన తర్వాత ల్యాబు త్రాసులో తూచి ఆ తేడా చూశాక మాలో ఎవరికీ ఇక అనుమానం మిగల్లేదు.

రెక్కని మొత్తం చెక్కతో చేయలేదు. చెక్కతో పక్కటెముకలు మాత్రమే కోశాం, పైన కొంచెం గుండ్రంగా, కింద దాదాపు చదునుగా. ఒకే అట్ట నమూనా పెట్టి అన్నీ ఒక్కలాగే కోసి, ఆకురాయితో నున్న చేశాం. వాటిని కలిపే పొడుగు పుల్లలు వెదురువి. పైన గాలిపటం కాగితం. కాగితం పని మా క్లాసు అమ్మాయిలది, అందులో ఒకమ్మాయి చేతి నేర్పు ఇప్పటికీ గుర్తుంది. మైదా జిగురు ఎంత పల్చగా రాయాలో ఆమెకే తెలుసు. అతికించాక నీళ్లు సన్నగా చిలకరించి నీడలో ఆరబెడితే కాగితం డప్పు మీది తోలులా బిగిసింది. ఆరేటప్పుడు రెక్క వంకర పోకుండా బల్లకేసి గుండుసూదులతో పట్టి ఉంచాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే మిగతా పనంతా వృథా. రెక్క మెలి తిరిగితే ఆ విమానం ఎప్పటికీ నేరుగా పోదు.

రెక్కని మధ్యలో విరిచి, రెండు కొసల్నీ మూడేసి సెంటీమీటర్లు పైకి లేపి అతికించాం. అలా ఎందుకో సారు చేత్తో చూపించారు. విమానం ఒక పక్కకి వాలి అటు జారడం మొదలుపెడితే, కిందికి వాలిన రెక్కకి గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని మళ్లీ పైకి ఎత్తుతుంది. నడిపే మనిషి లేని విమానానికి ఈ తెలివి రెక్కలోనే పెట్టాలి. తాత మాత్రం ఇంకో విషయం గమనించారు. పక్షి గాల్లో తేలేటప్పుడు రెక్కలు ఎలా పట్టుకుంటుందో చేతులు చాచి చూపించి, "బొమ్మ చేసేటప్పుడు మేం కూడా ఇలాగే పెడతాం" అన్నారు.

సారుకి ఎంతో ఇష్టమైన మనిషి ఒకాయన ఉండేవారు, ఫ్రాన్సుకి చెందిన అల్ఫోన్స్ పెనో. 1871లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, పారిస్‌లోని ట్వీలరీ తోటలో మెలిపెట్టిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని జనం ముందు ఎగరేశాడు. అది 11 సెకన్లు ఎగిరింది. మనుషులెక్కే విమానం ఇంకా పుట్టని రోజులవి. ఆయన రబ్బరుతో చేసిన ఇంకో ఎగిరే బొమ్మ లాంటిదాన్నే 1878లో ఒక తండ్రి తన పిల్లలకి తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలు విల్బర్, ఆర్విల్ రైట్. "బొమ్మ అని తీసెయ్యకండిరా. విమానం బొమ్మలోంచే వచ్చింది" అనేవారు సారు. బొమ్మల ఊరిలో ఆ మాట మాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

పెనో కనిపెట్టిన అసలు సంగతి తోకలో ఉంది. వెనక చిన్న రెక్కని ప్రధాన రెక్క కంటే కొంచెం తక్కువ కోణంలో, అంటే దాని వెనక అంచు కాస్త పైకి ఉండేలా పెట్టాడు. బరువు ముందుకి, తోక ఇలా వెనకకి. విమానం ముక్కు దించి వేగం పెరిగితే తోక దాన్ని పైకి లేపుతుంది, ముక్కు ఎత్తి వేగం తగ్గితే ముందున్న బరువు దాన్ని దించుతుంది. దానంతటదే సర్దుకుంటుంది.

సంక్రాంతి దాటి, కోతలైన పొలాలు ఖాళీ అయ్యాక, తెల్లవారుజామున గాలి లేని వేళ చూసి సర్దుబాటు మొదలుపెట్టాం. ఇంకా రబ్బరు తిప్పలేదు, ఊరికే చేత్తో వదలడమే. బలంగా విసరకూడదు, ముక్కు కొంచెం కిందికి పెట్టి, గాలి మీదికి నెట్టినట్టు వదలాలి. ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, కింద పడిపోయి, మళ్లీ ఎత్తితే ముక్కులో చిటికెడు బంకమట్టి పెట్టాలి. సూటిగా దిగిపోతే కొంచెం తీసెయ్యాలి. రెక్క ముందు అంచు నుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా ఆగాలి, అక్కడి నుంచి మొదలు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలనేది సారు పెట్టిన కచ్చితమైన నియమం. తోకా, మట్టీ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పూ ఒక నోటుబుక్కులో రాసేవాళ్లం. నేను తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఫ్యాక్టరీల్లో పనిచేశాను. మెషిన్లు మొరాయించినప్పుడు నన్ను ఒడ్డున పడేసిన పద్ధతి ఆ పొలంలో నేర్చుకున్నదే.

రబ్బరు దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీలు సాగేవి గానీ తిరిగొచ్చే బలం తక్కువ. చివరికి సైకిలు షాపులో దొరికే సన్న వాల్వు ట్యూబు బాగా పనికొచ్చింది. దానికి ఆముదం రాస్తే పోగులు ఒకదాన్నొకటి కోసుకోకుండా ఎక్కువ చుట్లు పడతాయి. విమానం ముక్కుకి పెట్టే ప్రొపెల్లర్ చెక్కింది తాతే. దాని రెక్కకి మొదలు దగ్గర మెలిక ఎక్కువ, కొసకి వెళ్లేకొద్దీ తక్కువ ఎందుకుండాలో సారు వివరించారు: కొస వేగంగా తిరుగుతుంది, కుదురు నెమ్మదిగా తిరుగుతుంది, అందుకని రెండిటికీ గాలి ఒకే తీరుగా తగలాలంటే కోణం మారాలి. తాత విని, తల ఊపి, ఒక్క ఉలితో ఆ మెలిక తెప్పించారు. ప్రొపెల్లర్‌కీ ముక్కుకీ మధ్య రాపిడి తగ్గడానికి ఒక గాజుపూస. ప్రొపెల్లర్ కుడికి తిరుగుతుంటే విమానం ఎడమకి వాలింది. న్యూటన్ మూడో సూత్రం పుస్తకంలోంచి లేచి పొలంలోకి వచ్చిందని సారు మురిసిపోయారు. ముక్కు దిమ్మకి ఎడమ పక్కన అగ్గిపుల్ల చీలిక ఒకటి పెట్టి దాన్ని రవ్వంత కుడికి తిప్పితే సరిపోయింది.

ఆ రోజు రబ్బరు నిండా చుట్లు వేసి వదిలింది తాత మనవడు. లేచింది. తాటిచెట్టు ఎత్తుకి రాకపోయినా ఇంటి కప్పు ఎత్తు దాటింది. పెద్ద కుడి మలుపు తీసుకుంటూ, రబ్బరు అయిపోయాక ప్రొపెల్లర్ ఆగి, గట్టు మీదుగా తేలుతూ దిగింది. సారు గడియారంలో 20 సెకన్లు దాటింది. "పెనోని దాటేశాం రా!" అని ఆయన అరిచిన అరుపు విని పక్క పొలంలో రైతులు పరుగెత్తుకొచ్చారు. అరిచింది సార్ అని తెలిసి ఆశ్చర్యపోయారు. తాత మాత్రం విమానం పడినచోటికి అందరికంటే ముందు చేరి, రెక్క ఎక్కడైనా చిరిగిందేమోనని తడిమి చూశారు.

బాల్సా అనే కలప గురించి తర్వాత ఎప్పుడో చదివాను. ప్రపంచమంతా చాలామంది మోడల్ విమానాలు చేసేది దానితోనే, ఈక్వడార్ నుంచి వస్తుంది, మన బూరుగు కుటుంబానికి చెందిన చెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేసిన మస్కిటో యుద్ధ విమానం ఒళ్లు కూడా చెక్కదే: రెండు బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా. 1940 నవంబరులో మొదటిసారి ఎగిరింది. దాని భాగాలు చేసినవాళ్లలో కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగులు ఎందరో ఉన్నారు. అది చదివినప్పుడు నాకు తాతే గుర్తొచ్చారు. అవకాశం వస్తే ఆయన ఆ పని కళ్లు మూసుకుని చేసేవారు.

ఇప్పుడు బడిలో చదువుతున్న పిల్లలు చేయాలనుకుంటే కొలతలు పైన ఉన్నాయి. తోక రెక్క విస్తీర్ణం ప్రధాన రెక్కలో ఐదో వంతు, నిలువు తోక పదో వంతు పెట్టుకోండి. మిగతాది నోటుబుక్కు నేర్పుతుంది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పొణికి కలప ఇప్పుడు అంత సులువుగా దొరకడం లేదని బొమ్మలు చేసేవాళ్లు ఏళ్లుగా బాధపడుతున్నారు. బడి వెనక ఖాళీ స్థలం పొడుగునా పొణికి మొక్కలు నాటాలని పూర్వ విద్యార్థుల సంఘాన్ని కోరుతున్నాను. మొక్కల ఖర్చు, మొదటి రెండేళ్లు నీళ్లు పోసే మనిషి జీతం మా బ్యాచ్ పెట్టుకుంటుంది. వచ్చే తొలకరికి గుంతలు తీయించగలిగితే చాలు.