పర్లాకిమిడి నుంచి వందనాలు

సెలవు మీద ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఇవాళ ఆదివారం మన మందిరంలో అమ్మ పక్కన చాప మీద కూర్చున్నానే గానీ, మనసు నేను పనిచేసే ఖతార్‌లోని దోహా వెళ్లిపోయింది.

అక్కడ మా ఆరాధన శుక్రవారం. వారం సెలవు ఆరోజే మరి. చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. మొదటిది 2008లో తెరిచారు. బయట సిలువ కనబడదు, గేటు దగ్గర సంచులు చూసి పంపుతారు. తొలిసారి వెళ్లినప్పుడు చాలా బెరుకనిపించింది. మలయాళం, తమిళం, తగలోగ్ అన్నీ వినబడుతున్నాయి, నా భాష తప్ప.

వెనక నుంచి "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చావేటి?" అని పిలుపు. తిరిగి చూస్తే పాతపట్నం అక్క! మన ఊరికి ఆనుకునే వాళ్లది, రాష్ట్రాలే వేరు. ఏడుపొచ్చేసింది. అక్క స్టీలు డబ్బా మూత తీసి, పల్లీలు వేసిన పులిహోర నా అరచేతిలో పెట్టింది. ఆ పులుపు ఇంకా నాలుక మీదే ఉంది.

తర్వాత రెండు నెలలు నా జీతం ఆగింది. నేను నోరు తెరవకముందే గది అద్దె కట్టింది ఆ ప్రార్థన గుంపే. దేవా, నీకు స్తోత్రం.

ఇవాళ సాక్ష్యం చెప్పమంటే లేచి ఇదే చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు పెరట్లో కూర్చుని అక్క కోసం ఉసిరికాయ పచ్చడి పడుతోంది.