మూడో రాత్రి

మా అమ్మ నన్ను సింహాచలం తీసుకెళ్లి, ఇక తాగనని అప్పన్న మీద ఒట్టు పెట్టించింది. ఒట్టు తప్పని అనను. రోజుకి మూడు క్వార్టర్లు, అంటే 540 మిల్లీలీటర్లు, ఏళ్ల తరబడి తాగినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా ఆపించడం తప్పు. మందు మెదడుని జోకొడుతుంది. జోకొట్టినా మేలుకుని ఉండడానికి మెదడు లోపల్లోపల వేగం పెంచుకుంటుంది. మందు హఠాత్తుగా పోతే ఆ వేగం ఒక్కటే మిగులుతుంది. ముందు చేతుల వణుకు, చెమటలు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. అసలు గండం, లేనివి కనబడి మతి చెదరడం, 48 గంటలు దాటాక.

నాకు మూడో రాత్రి వచ్చింది. విశాఖ కంచరపాలెంలో మా ఇంట్లో, దుప్పటి నిండా చీమలు. ఒక్కొక్కటే ఏరి అమ్మ చేతిలో వేస్తున్నాను. "ఎన్నున్నాయో చూడమ్మా" అంటే "సూస్తన్నాన్రా, ఇంకా ఎయ్యి" అంటూ ఆ ఖాళీ అరచెయ్యి తెల్లారేదాకా చాపే ఉంచింది. మూస్తే అరిచేవాణ్ణట. పక్కింటి మామ్మ గాలి సోకిందని నిమ్మకాయ తిప్పింది.

పొద్దున్నే ఆటోలో ఒక ఆస్పత్రికి. పరువు కోసం అమ్మ "మూడ్రోజుల్నించి జ్వరం బాబూ" అంది. డ్యూటీ డాక్టరు నా చేతుల వణుకు చూసి సంగతి పట్టేశాడు. పట్టినందుకు దండం పెట్టొచ్చు. కానీ "కొడుకు తాగుతుంటే ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అన్నాడు, అందరి ముందూ. రాత్రంతా చెయ్యి చాపి కూర్చున్న మనిషిని. అది నేనింకా మర్చిపోలేదు.

అక్కడే ఒక పెద్ద సిస్టరు గ్లూకోజు సీసా ఎక్కించబోతున్న కుర్రాణ్ణి ఆపి, ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇప్పించింది. తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకం పోయే ప్రమాదం ఉంది. అందుకే సిగ్గుపడకుండా రెండు ముక్కలు చెప్పండి: రోజూ ఎంత తాగేవాడు, చివరి చుక్క ఎప్పుడు. వార్డులో వారం పైన ఉన్నాను, వణుకూ ఫిట్సూ రాకుండా ఇచ్చే లిబ్రియం మాత్ర రోజురోజుకీ తగ్గించారు. ఆ సంగతులు వదిలేద్దాం.

ఇంటికొచ్చాక మా పిన్ని డైసల్ఫిరామ్ మాత్ర, అంటే మందు తాగితే ఒంటికి పడకుండా చేసేది, పొడి చేసి పప్పులో కలపమంది, నాకు చెప్పకుండా. మంచి మనసుతోనే. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. దగ్గు టానిక్‌లో ఆల్కహాలున్నా చాలు. డాక్టరు చెప్పి, తాగేవాడు ఒప్పుకుని వేసుకోవాల్సిన మందది.

నన్ను నిలబెట్టింది సాయంత్రం ఏడు గంటల ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగు, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే చోటు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, టీ ఖర్చుకి డబ్బా తిప్పుతారు. నలుగురి నంబర్లు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టారు, "తాగాక కాదు, తాగేముందు చెయ్యి" అని. జీతం అమ్మ ఖాతాలో వేయించారు. వైన్ షాపు ఎదురుపడని దారి వెతికిపెట్టారు, అరకిలోమీటరు చుట్టే. పెళ్లికెళ్తే ఒకరు తోడొచ్చి, చేతిలో కూల్‌డ్రింక్ గ్లాసు ఖాళీ కాకుండా చూసేవారు. ఖాళీ చెయ్యి కనబడితే మనవాళ్లు ఊరుకోరు కదా!

మందు మానాక గుబులు మిగిలింది, డిప్రెషన్ అని మాత్రలిచ్చారు. ఆ మాత్రలు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా మీటింగులో ఒకాయన "మాత్రలు కూడా మత్తే తమ్ముడూ" అన్నాడు. విని ఆపేశాను. పదిరోజులకి మంచం దిగలేకపోయాను. సభ్యులు వైద్యం చెప్పకూడదని ఏఏ వాళ్ల మాటే. ఆపాలంటే డాక్టరే, మెల్లగా. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. అర్ధరాత్రైతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక సాయం లైను, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న ఆషాఢ పౌర్ణమికి మీటింగు వాళ్లం ముగ్గురం సింహాచలం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరి ప్రదక్షిణకి బయల్దేరాం, 32 కిలోమీటర్లు. ఈసారి ఒట్టేమీ వెయ్యలేదు. మాధవధార దగ్గర ఎవరో మజ్జిగ ఇస్తుంటే, రాత్రి మాత్ర జేబులోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. ఆ మజ్జిగతోనే వేసుకున్నాను.