తెలుగులో స్క్రిప్ట్ రాయడం నేర్చుకునేవాళ్లకు

కోర్సుల కంటే ముందు అసలు స్క్రిప్టులు చదవాలి. అవార్డుల సీజన్‌లో హాలీవుడ్ స్టూడియోలు తమ సినిమాల స్క్రిప్టులను పీడీఎఫ్‌లుగా ఉచితంగా పెడుతుంటాయి. ఒకటి దించుకోండి. ఆ సినిమాలో ఒక్క సీనును ఆపి ఆపి చూస్తూ మీరే రాయండి, తర్వాత అసలు పేజీ పక్కన పెట్టి చూడండి. మీరు నాలుగు లైన్లు రాసిన చోట వాళ్లు ఒక్క లైనుతో ఎలా సరిపెట్టారో అప్పుడే తెలుస్తుంది. నా దృష్టిలో ఇంతకు మించిన గురువు లేదు.

రాయడానికి ఫౌంటెన్ (Fountain) పద్ధతి చాలు. అంటే కొన్ని చిన్న గుర్తులతో మామూలుగా టైపు చేస్తే, దాన్ని చదవగలిగే సాఫ్ట్‌వేర్ స్క్రిప్టు రూపంలోకి మారుస్తుంది. మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ పాత్ర పేరును ఇంగ్లీషు పెద్దక్షరాలను బట్టి గుర్తుపడుతుంది. తెలుగులో అవి లేవు కాబట్టి డైలాగు కాస్తా వర్ణనలో కలిసిపోతుంది. అందుకే పేరు ముందు @ పెట్టాలి: @సీత. పేరుకు పైన ఒక ఖాళీ లైను ఉండాలి. పేరుకూ డైలాగుకూ మధ్య మాత్రం ఉండకూడదు. సీన్ హెడింగ్ (సీను ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో చెప్పే లైను) తెలుగులో రాస్తే ముందు చుక్క పెట్టండి: .లోపల - వంటిల్లు - రాత్రి.

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెరమీద సుమారు ఒక నిమిషం అనే లెక్క 12 పాయింట్ కొరియర్ ఫాంటులో ఉన్న ఇంగ్లీషు పేజీది. తెలుగు పేజీకి దాన్ని నమ్ముకోవద్దు. డైలాగులు పైకి చదువుతూ, మధ్యలో జరిగే పనులకూ టైమిస్తూ స్టాప్‌వాచ్‌తో కొలవండి.